రంగు వేయని కాళేశ్వరం కార్డు

మహబూబాబాద్ స్టేషను
2 మే 1948

జనగామలో కుంచె పట్టుకొని కూర్చున్న మా వదినె భూదేవికి, మహబూబాబాద్ రైలుస్టేషనులో టిక్కెట్లు కొడుతూ కూర్చున్న మరిది కిష్టయ్య నమస్కారాలు.

నువ్వు బాగానే ఉన్నావని నాకు తెలుసు. నీ చేతిపని నిన్ననే మా ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. పుస్తకాల దుకాణం పోశయ్య కొత్త కార్డుల కట్ట విప్పుతూ కేకేశాడు: “కిష్టయ్యా, ఉరుకు! గోదావరికి అగ్గి అంటుకున్నది!” ఉరికిపోయి చూస్తే ‘కాళేశ్వరం రేవు’, అడుగున ‘రాంచందర్ ఫోటో స్టూడియో, జనగామ’.

వదినె, నా బిస్కెట్ డబ్బాలో నాలుగు వందల పన్నెండు బొమ్మ కార్డులు ఉన్నాయి. కళ్ళు మూసుకొని అంచు తడిమి ఏ కంపెనీదో చెప్పగలను. బొంబాయి మెహర్వాన్ కంపెనీ అయితే చుట్టూ వేలెడు తెల్లహద్దు, ఆకాశం నీలిమందులో ముంచి తీసినట్టు ఉంటుంది. మద్రాసు కావేరీ చిత్రశాల వాళ్ళకు కొబ్బరిచెట్టు లేనిదే చేయి ఆడదు, గోలకొండ ఖిల్లా పక్కన కూడా ఒకటి నాటారు. కలకత్తా వాళ్ళు అసలు రంగే వేయరు, అంతా తళతళలాడే బూడిద. ఇక యుద్ధానికి ముందు జర్మనీలో అచ్చయినవి ఉన్నాయి చూడు, భూతద్దం పెడితే ఆవగింజలో పదో వంతు చుక్కలు, ఒక్క చుక్క గీత దాటదు. వీళ్ళందరి తర్వాత ఇప్పుడు మా వదినె వచ్చింది. ఆకాశం ఎరుపు, గోదావరి పసుపు, పడవలో ఉన్న మేకకు కాటుక! ఆ మేక ఏ పెళ్ళికి పోతోంది?

ఏమైనా ఆ ఫోటో తీసిన చేయి మంచిది. అందుకే ఒక మనవి. రంగు వేయని పచ్చి కార్డు ఒకటి పంపు. డబ్బాలో పెట్టుకుంటాను.

దీన్ని టపాలో వేయటం లేదు. మన గార్డు ఐలయ్య చేతికి ఇస్తున్నాను, కాబట్టి అడుగుతున్నాను. దసరా నాడు, నిజాం మీద పోరాడే సంఘం వాళ్ళతో అడవి పట్టిన మా అన్న ఓదెలు గురించి ఏమైనా తెలిసిందా? ఆరు నెలలు దాటాయి. పోలీసులు ఓదెలు పేరు చెప్పి ఊరూరా అడుగుతున్నారట. బతికి ఉన్నాడన్న ఒక్క మాట చాలు నాకు. అంజమ్మకు నాలుగు నెలలు వచ్చాయి కదా, బోర్లా పడుతోందా?

నీ మరిది
కిష్టయ్య


జనగామ
9 మే 1948

మేక పెళ్ళి గురించి బెంగపెట్టుకున్న మరిది కిష్టయ్యకు, ముందు నీ పెళ్ళి సంగతి చూసుకోమని వదినె భూదేవి రాసే ఉత్తరం.

ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంకా అట్టముక్కలను తడుముతూ కూర్చున్నావు. రేపు పెళ్ళిచూపులకు పోతే పిల్ల ముఖం చూస్తావా, వెనక్కి తిప్పి ఏ కంపెనీదో చూస్తావా?

నా ఎరుపు జోలికి రాకు. నేను చేర్యాల నకాశీల ఇంట్లో పుట్టినదాన్ని. మా తాత పటం వేసినా, మా నాయిన బొమ్మ చేసినా వెనక ఎరుపే, కళ్ళు పెద్దవే. మనిషికి చారెడేసి కళ్ళు పెట్టిన చేయి మేకకు మాత్రం ఎందుకు తక్కువ చేస్తుంది? రాంచందర్ మొదట్లో నీలాగే అన్నాడు, “ఆసమానం ఎర్రగ ఎక్కడన్న ఉంటదా భూదేవీ?” అని. కార్డులు వారంలో అయిపోయినాక నోరు మూసుకున్నాడు.

నా పని ఎట్లాంటిదో నీకు తెలియదు. అతను చీకటి గదిలో నుంచి కార్డులు తడితడిగా తెచ్చి తాడుకు వేలాడదీస్తాడు. ఆరినాక ఒక్కొక్కటే తీసుకొని ఉడుత వెంట్రుకల కుంచెతో రంగు వేస్తాను. మా ఇంటి రంగే, తుమ్మజిగురు కలిపి. తడి వేలు తగిలితే రంగంతా వేలికే వస్తుంది, కాబట్టి నీ చెమట చేతులు దూరం పెట్టు.

పచ్చి కార్డు లేదు. ఉన్నా ఇవ్వను. ఒంటి మీద బట్ట లేకుండా ఎవరినైనా బజారుకు పంపుతారా?

మీ అన్న సంగతి నాకేమీ తెలియదు.

అంజమ్మ బోర్లా పడటమే కాదు, నా ఎర్రరంగు గిన్నె కూడా బోర్లించింది. చిన్నాయన మీద పడ్డట్టుంది, వస్తువు కనబడితే గుంజుకుంటోంది.

వదినె


మహబూబాబాద్
24 మే 1948

వదినెకు గెలిచిన మరిది రాయునది.

ఐలయ్య సెలవులో ఉన్నాడు, అందుకే ఈ కార్డు టపాలో వేస్తున్నాను. జాగా చాలదు, అక్షరాలు చీమలంత రాస్తున్నాను, కోప్పడకు.

పచ్చి కార్డు దొరికింది! నువ్వు ఇవ్వనన్నావని నేరుగా రాంచందర్‌కే ఉత్తరం రాశాను. మంచివాడు, మర్నాడే పంపాడు. ఎంత శుభ్రంగా ఉంది! అంచు సూటిగా, వెనక ముద్ర మధ్యలో.

ఇంకో సంగతి. పోశయ్య దగ్గర నీ రంగు కార్డులు ఆరు పక్కపక్కన పరచి చూశాను. వదినె, నీకు పద్ధతి లేదు! గడ పట్టుకొని నిలబడ్డ పడవవాడు ఒకదానిలో గడ్డంతో ఉన్నాడు, ఒకదానిలో బుర్రమీసంతో, ఒకదానిలో తలపాగాతో. ఆరోదానిలో కొంగు కప్పుకున్న ఆడమనిషి! జర్మనీవాడు లక్ష కార్డులు వేసినా ఒక్క వెంట్రుక మారదు. ప్రచురణ అంటే అది.

నిన్నటి నుంచి పోశయ్య దుకాణం పలక మీద నీ ఆరు కార్డులు, మధ్యలో పచ్చి కార్డు గుచ్చి పెట్టాం. కింద పెద్ద అక్షరాలతో రాశాను: ‘రంగు ఎట్లా చెడగొడుతుందో చూడండి.’ రైలు దిగినవాళ్ళంతా చూసి నవ్వుతున్నారు. నీ పేరు రాయలేదు, భయపడకు.

కిష్టయ్య


జనగామ
26 మే 1948

కిష్టయ్యా,

ఐలయ్యను సెలవులోంచి లేపి పంపుతున్నాను. ఉత్తరం పక్కన పెట్టి ముందు పోయి ఆ పలక మీది కార్డులన్నీ తీసుకురా. తెచ్చి, తలుపు వేసుకొని, తర్వాత చదువు.

తెచ్చావా?

భూతద్దం తీయి. అంచు చూడకు, వెనక ముద్ర చూడకు. పచ్చి కార్డులో ఎడమ నుంచి రెండో మనిషి, గడ పట్టుకున్నవాడి ముఖం చూడు. జుట్టు కత్తిరించుకున్నాడు, ఒళ్ళు సగమైంది. ఎడమ చెవి కొస చూడు, చిన్నప్పుడు కొరికింది నువ్వే కదా.

మీ అన్నే.

శివరాత్రికి రాంచందర్ కాళేశ్వరం పోయి రేవును ఫోటో తీసి వచ్చాడు. అందులో ఎవరున్నారో అతనికేం తెలుసు. తాడు మీద కార్డులు నీళ్ళు కారుతున్నాయి, అంజమ్మ నా ఒళ్ళో పాలు తాగుతోంది, తల ఎత్తి చూశాను. బతికున్నాడో లేదో తెలియని మనిషి వరుసగా తాడంతా వేలాడుతున్నాడు, ఒకసారి కాదు, ముప్పై సార్లు. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రాంచందర్ ఎదురుగా ఉన్నాడు కాబట్టి రెండూ మింగి రంగు కలుపుకున్నాను.

పోలీసుల దగ్గర అతని పేరు ఉంది, ఫోటో లేదు. మన దగ్గరే లేదు కదా, దండలు మార్చుకున్న పెళ్ళికి ఫోటో ఎందుకన్నాడు మీ అన్న. ఇప్పుడు ఆ ముఖం ఎవరైనా గుర్తుపడితే, పడవవాడి వేషంలో గోదావరి దాటుతున్నాడని, ఏ రేవులో దాటుతున్నాడో కూడా తెలిసిపోతుంది. కార్డు అడుగున ఊరి పేరు అచ్చువేసి మరీ అమ్ముతున్నాం.

పూర్తిగా రంగు పూసి మాయం చేయొచ్చు కదా అంటావు. కుంచె పట్టుకొని కూర్చున్నాను. చేయి రాలేదు. అందుకే వేషాలు వేశాను. అందరికీ ఒకే గడ్డం పెడితే గడ్డపువాడిని వెతుకుతారని ఒక్కో కార్డుకు ఒక్కో తీరు. కొంగు కప్పింది మాత్రం కోపంతో. ఆ రోజు పిల్లకు జ్వరం, దవాఖానకు ఒక్కదాన్నే మోసుకుపోయి వచ్చాను, అతనేమో పడవ మీద హాయిగా గాలి పీలుస్తున్నాడు. అనుభవించమని చీర కట్టాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నీ కడుపులో మాట ఆగదు, ఉద్యోగమేమో సర్కారు రైలుది. అది నా తప్పు. చెప్పి ఉంటే నువ్వు మీ అన్నను ప్లాట్‌ఫారం మీద మేకు కొట్టి నిలబెట్టేవాడివి కాదు. నీ కార్డు టపా బంట్రోతు దారంతా చదువుకుంటూ వచ్చి ఇచ్చాడు. “మీ మరిదికి పడవోని గడ్డంతోని ఏం పనమ్మా?” అని అడిగాడు. నా ప్రాణం పోయింది.

ఆ పచ్చి కార్డు కాల్చేయి. నీకు కార్డు కాల్చటమంటే ఒళ్ళు కాల్చుకోవటమే, నాకు తెలుసు. అయినా కాల్చేయి.

వదినె


మహబూబాబాద్
28 మే 1948

వదినెకు,

చూశాను. చెవి కూడా చూశాను.

వారం రోజులు నా చేతిలో ఉంది ఆ కార్డు. అంచు కొలిచాను. కాగితం దళసరి చూశాను. సొంత అన్నను చూడలేదు. ఎంత బుద్ధిలేనివాణ్ణో నువ్వు రాయకముందే రాసేస్తున్నాను.

పలక మీద మూడు రోజులు ఉంది. రైల్వే జవాను ఒకడు నిలబడి చూశాడని పోశయ్య చెప్పాడు. మేక బాగుందన్నాడట, అంతే.

కాల్చేశాను.

కిష్టయ్య


జనగామ
20 జూన్ 1948

మరిది కిష్టయ్యకు,

ఆ నాలుగు ముక్కల ఉత్తరం చదివి నాకు బాధయింది. నా నోటి దురుసు నీకు కొత్తా? కార్డు కాల్పించిన ఉసురు నాకు తగులుతుంది, అది నేను పడతాను. నువ్వు మళ్ళీ మునుపటిలా వంకలు పెడుతూ ఉత్తరం రాయి. తిట్టేవాడు లేక నాకు తోచటం లేదు.

మొన్న ఠాణా నుంచి అమీన్ స్టూడియోకు వచ్చాడు. కార్డు చేతిలో పట్టుకొని, “క్యా జీ, ఆసమాన్ ఎర్రగెందుకున్నది? సంఘపోళ్ల జెండానా గిది?” అన్నాడు. నేను లోపలికి పోయి మా తాత వేసిన పటం ముక్క తెచ్చి పరిచాను. “సాబ్, గిది మా తాత ఏసిండు. గప్పుడు సంఘం లేదు, మీరు పుట్టలేదు, నేను పుట్టలేదు. గప్పుడు గూడ ఎరుపే.” అతను గడ్డం గోక్కున్నాడు. తర్వాత రెండు కార్డులు పక్కపక్కన పెట్టి, “గీ పడవ మనిషి ఒక్కో దాంట్ల ఒక్కో తీరున్నడేంది?” అని అడిగాడు. తల వంచుకొని, “నాకు మొగోళ్ల మొకాలు సక్కగ రావు సాబ్. మేకలైతే మంచిగొస్తయ్” అన్నాను. పకపకా నవ్వి పోయాడు. నీలిరంగు మాత్రమే వాడమని పోతూ పోతూ హుకుం ఇచ్చాడు. ఇప్పుడు నేనూ మీ బొంబాయి కంపెనీనే. సంతోషమా?

అతను పోయినాక రాంచందర్ లేచి, ఆ కార్డులన్నిటికీ మూలమైన ఫోటో గాజుపలక తీశాడు. నా వైపు చూడకుండా, “పాతబడ్డది. చెయ్యి జారేటట్టున్నది” అన్నాడు. జారనిచ్చాడు. పది ముక్కలు. ఇన్నాళ్ళూ అతనికి తెలుసు, నీకు పచ్చి కార్డు పంపింది కూడా తమ్ముడివనే కాబోలు, ఒక్కనాడు అడగలేదు. నాకు మూడు వందల కార్డులు ఇచ్చి, మూడు వందల వేషాలు చూసి ఊరుకున్నాడు.

ఇక మీ అన్న ఉన్నదున్నట్టు ఉన్న ముఖం ఎక్కడా లేదు. నేను ఒక్క రంగు కార్డు దాచుకున్నాను, గడ్డం ఉన్నది. గడ్డం అతనికి నప్పింది, వచ్చినాక పెంచుకోమని చెప్పాలి.

వదినె


మహబూబాబాద్
11 ఫిబ్రవరి 1949

వదినెకు, వంకలు పెట్టమని అడిగి మరీ తెచ్చుకున్నావు కాబట్టి మరిది పెట్టే వంకలు.

నీ నీలి ఆకాశాలు చూశాను. బాగాలేవు. బొంబాయి నీలిలో ఆకాశం ఉంటుంది, నీ నీలిలో నీ ఏడుపు ఉంది. సర్కారు మారింది కదా, మళ్ళీ ఎరుపు వేసుకో.

టోపీలు మారాయి గానీ వెతకటం మారలేదు. పోయిన వారం కొత్త ఇన్‌స్పెక్టరు నా క్వార్టరుకు వచ్చాడు, బెజవాడ వైపు మనిషి. ఓదెలు తమ్ముడివి నువ్వేనా అన్నాడు. అవునన్నాను. పెట్టె దులిపాడు, పరుపు చింపాడు, చివరికి బిస్కెట్ డబ్బా మూత తీశాడు. అక్కడే కూర్చొని నాలుగు వందల పన్నెండూ ఒక్కొక్కటే చూశాడు. నేను డబ్బా పక్కకే జరిగి నిలబడ్డాను. కార్డులు నలిగిపోతాయని బెంగపడుతున్నాననుకొని, “కంగారు పడకయ్యా, జాగ్రత్తగానే చూస్తున్నాలే” అన్నాడు. అట్లానే అనుకోనిచ్చాను. ఒక కార్డు పట్టుకొని చాలాసేపు నవ్వాడు. అది ఏ కార్డో ఇప్పుడు చెప్పను.

ఏమీ దొరకలేదు. అన్న కబురు నాకూ దొరకలేదు.

కిష్టయ్య


జనగామ
3 ఆగస్టు 1950

మరిదికి,

అంజమ్మకు మాటలు వచ్చాయి. ఆపటం రావటం లేదు. పొద్దున లేవగానే గోడకు ఉన్న కార్డు దగ్గరికి పోయి గడ్డపు మనిషికి అంబలి తాగావా అని అడుగుతుంది. నేను అన్నం పెడితే మొదటి ముద్ద ఆ గడ్డానికి చూపించి తింటుంది. ఇంటి పక్కల పిల్లలు మీ బాపు ఏడీ అంటే, “పడవల ఉన్నడు, గడ్డం ఉన్నది, తాత లెక్క కాదు, నల్లగడ్డం” అని చెబుతుంది. నేను వేసిన గడ్డమే గదా అని గర్వపడాలో, అసలు ముఖం చూపించలేకపోయానని ఏడవాలో తెలియటం లేదు. గర్వపడుతూనే ఏడుస్తున్నాను, నాకు రెండు పనులు ఒకేసారి చేయటం అలవాటే.

వదినె


భూపాలపల్లి
18 నవంబరు 1951

కిష్టయ్యా,

మీ అన్న వచ్చాడు.

ముందు అది రాశాను, ఇక తీరికగా చదువు. పోరాటం ఆపేశారని కబురు రాగానే అడవిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. అతను చలిజ్వరంతో మీ మేనత్త సాలమ్మ ఇంటికి చేరాడు. నేను పిల్లను తీసుకొని పరకాల దాకా బస్సు మీద, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వచ్చాను. దారంతా అడవే. అంజమ్మ ప్రతి వాగు దగ్గరా లేచి నిలబడింది, పడవ ఉందేమోనని.

మీ అన్న వాకిట్లో కూర్చొని ఉన్నాడు. బక్కగా, నున్నగా గీసిన గడ్డంతో. నన్ను చూసి మొదటి మాట ఏమన్నాడో తెలుసా? “నాకు చీర కట్టినవట గదా.” చీర కార్డు ఒకటి ఎట్లా పోయిందో అడవి దాకా పోయిందట. దళమంతా ఏడాది పాటు అతన్ని వదినమ్మ అని పిలిచిందట. నేను నవ్వుతూ ఏడుస్తుంటే పిల్ల నా కొంగు పట్టుకొని వెనక్కి నడిచింది.

“బాపు బిడ్డా” అన్నాను.

“గీన మా బాపు గాదు. మా బాపుకు గడ్డమున్నది.”

“గడ్డం తీసేసిన బిడ్డా” అన్నాడు.

“మరి పడవేది?”

“నీళ్లల్ల కొట్టుకపోయింది.”

అది నవ్వలేదు. వారమైంది. అతను తినే చోట తినదు, అతను ఇంట్లోకి వస్తే అది వాకిట్లోకి పోతుంది. నేను గోడ మీది కార్డు వెంట తెచ్చి తప్పు చేశాను. దాన్ని చంకలో పెట్టుకొని తిరుగుతోంది. గడ్డం నేనే వేశానని చెబితే నా మీదికి లేచింది, అబద్ధాలాడుతున్నావని. గడ్డం పెంచుకోరాదురా అని సాలమ్మత్త అతన్ని పోరుతోంది. పెంచితే ఎన్ని వస్తాయి కిష్టయ్యా, పదో పన్నెండో వెంట్రుకలు. నేను వేసింది దొరగడ్డం.

నెల కూడా లేదు. డిసెంబరు మూడున ఓరుగల్లు కోర్టులో హాజరు కావాలి. పాత కేసు. ఎన్ని నెలలు లోపల పెడతారో, ఎన్నేళ్ళో తెలియదు. నాలుగేళ్ళు చలికీ ఆకలికీ లొంగని మనిషి, నిన్న పెరట్లో కట్టెలు కొడుతూ కొడుతూ గొడ్డలి పక్కన పెట్టి, “ఒక్కసారి బాపు అంటే, కోర్టుకు పోత భూదేవీ, ఎన్నేండ్లన్న ఉంట” అన్నాడు. నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

ఆ పచ్చి కార్డు ఒక్కటి ఉంటే! కాల్చమన్నది నేనే. నా నోరే.

వదినె


మహబూబాబాద్
24 నవంబరు 1951

వదినెకు, అబద్ధాల మరిది కిష్టయ్య రాయునది.

ఐలయ్య సెలవు పెట్టి తనే తెస్తున్నాడు. అతను పొట్టకు కట్టుకున్న మూటలో నూనెగుడ్డ, గుడ్డలో అట్టలు, అట్టల మధ్యలో ఒక కార్డు ఉంది. ముందు నన్ను తిట్టు. తర్వాత విప్పు.

నేను కాల్చలేదు.

ఆ రోజు మూడు అగ్గిపుల్లలు గీశాను. నీకు కుంచె పట్టుకున్నప్పుడు రానట్టే, నాకు అగ్గిపుల్ల పట్టుకున్నప్పుడూ చేయి రాలేదు. ఇది నా కార్డుల పిచ్చి అనుకోకు, ఆ ఒక్కసారి మాత్రం కాదు. మా అన్న ముఖం ఇంకెక్కడా లేదు. అట్లా అని దాచుకుంటే ప్రమాదం. అందుకని నీ పాత ఉత్తరం తీసి చదివాను. తుమ్మజిగురు నానబెట్టాను, లాంతరు మసి గీకాను, వేపపుల్ల నమిలి కుంచె చేశాను. మా అన్నకు గడ్డం వేశాను. పద్ధతి లేదని నిన్ను అన్నవాణ్ణి కదా, నీ పద్ధతి ప్రకారమే ఆకాశం కూడా కుంకుమతో ఎర్రగా పూశాను. నదిలోకి కారింది. పక్కన ఉన్న మేకకూ సగం గడ్డం అంటుకుంది.

డబ్బాలో నాలుగు వందల పన్నెండు అని నీకు రాస్తూ వచ్చాను. నిజానికి నాలుగు వందల పదమూడు.

ఇన్‌స్పెక్టరు నవ్వింది దీన్ని చూసే. “ఈ ఘోరం ఎవరిదయ్యా?” అన్నాడు. “రంగు నాదేనండీ” అన్నాను. మా అన్న ముఖం మీద బొటనవేలు పెట్టి పట్టుకొని, “నువ్వు టిక్కెట్లు కొట్టుకో, ఇలాంటి పనులు నీకెందుకు?” అని డబ్బాలో పడేశాడు. నా పనికి ఈ జన్మలో దొరికిన పొగడ్త అంతకంటే గొప్పది లేదు.

నీతో చెప్పలేదు, ఎందుకంటే నువ్వు కాల్చమన్నావు, నేను కాల్చానన్నాను, నువ్వు నన్ను నమ్మావు. ఆ తర్వాత చెప్పటానికి ముఖం చెల్లలేదు. మూడేళ్ళు మోశాను.

ఇప్పుడు విను. తుమ్మజిగురు రంగు, తడి తగిలితే పోతుందని నువ్వే రాశావు. గిన్నెలో నీళ్ళు, కొంచెం దూది తీసుకో. నువ్వు తుడవకు. అన్నను తుడవనీయకు. అన్నను ఎదురుగా కూర్చోబెట్టి, దూది అంజమ్మ చేతికి ఇవ్వు.

కిష్టయ్య


భూపాలపల్లి
4 డిసెంబరు 1951

కిష్టయ్యా,

నిన్ను చాలా తిట్టాను. ఐలయ్య ముందే తిట్టాను, అడుగు, చెబుతాడు. తిట్టి తిట్టి ఆ కార్డు విప్పి, నీ గడ్డం చూసి నవ్వు ఆపుకోలేక సాలమ్మత్త మీద పడ్డాను. అది గడ్డమా, కిష్టయ్యా? చీపురు మింగిన మనిషిలా ఉన్నాడు మీ అన్న. అతను చూసి, “తమ్మునికి నా మీద ఇంత కోపమా?” అన్నాడు.

అంజమ్మ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుంది. రెంటిలో పడవ ఒకటే, మేక ఒకటే, గడ పట్టుకున్న మనిషి ఒకడే, గడ్డాలు మాత్రం వేరు. “గీ గడ్డం మంచిగలేదు” అంది. నీ పని నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలిసిపోయింది. మంచిగ లేకుంటే తీసెయ్యి అని దూది ఇచ్చాను.

మెల్లగా రుద్దింది. మొదట ఎర్రనీళ్ళు వచ్చాయి, తర్వాత నల్లనీళ్ళు. దూది మార్చాను. మూడో దూదికి ముఖం బయటపడింది. శనగపప్పంత ముఖం. అది కార్డు చూసింది, తల ఎత్తి మీ అన్నను చూసింది, మళ్ళీ కార్డు చూసింది. తర్వాత లేచి, ఆ తడి దూదితోనే పోయి అతని ముందు నిలబడి, చుబుకం పట్టుకొని అతని ముఖం తుడవటం మొదలుపెట్టింది. చెంపలు తుడిచింది, ముక్కు తుడిచింది, నువ్వు కొరికిన చెవి తుడిచింది. అతను కదలకుండా కూర్చున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే అవి కూడా తుడిచింది. దూది తిప్పి చూసుకుంది. రంగేమీ రాలేదు.

“పోతలేదమ్మా” అంది నాతో. “గీన బాపే.”

మొన్న పొద్దున పోయాడు. అది అతని భుజం ఎక్కి బండి దాకా వచ్చింది, గడ్డం పెంచుకోవద్దని బండి కదిలేదాకా చెబుతూనే ఉంది.

నీ కార్డు తిరిగి పంపను. అంజమ్మ దగ్గర ఉంది, అడిగే ధైర్యం నీకుంటే వచ్చి అడుగు. నీ డబ్బా లెక్క నాలుగు వందల పన్నెండు అనే ఉండనివ్వు. ఇన్నాళ్ళకు ఆ మాట నిజమైంది.

వదినె
భూదేవి